కాళ్లు ముందు, ముఖం తర్వాత

ఇప్పటికీ విజయవాడ సిటీ బస్సులో పక్క సీటు నుంచి ముఖం పౌడరు వాసన వస్తే చాలు, నాకు రాహేలమ్మ గారు గుర్తొస్తారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆవిడ పౌడరు ముట్టలేదు.

ఇబ్రహీంపట్నం దగ్గరి వృద్ధాశ్రమంలో ఆవిడ హెడ్ నర్సు. డాక్టరు వీడియో కాల్‌లోనే అక్కడి పెద్దవాళ్లను చూసే ఏర్పాటు చేయమని మా కంపెనీ వాళ్లు నన్ను అక్కడికి పంపారు. ఒక గదికి రంగు వేయించి, మంచి లైటు, మెత్తటి కుర్చీ, గోడకు పెద్ద తెర పెట్టించాను. పెళ్లిచూపులకు కూడా అంత హంగు ఉండదు. అదే నా తప్పు. డాక్టరు గారు చూస్తారనగానే పెద్దవాళ్లంతా తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చేవాళ్లు. "ఎలా ఉన్నారమ్మా?" అని ఆయన అడిగితే, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు, "మీ దయవల్ల బాగున్నాను బాబూ, మీరు భోంచేశారా?" అనేవాళ్లు. అందరూ బాగున్నారని రాసుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు సీతారావమ్మ గారూ అలాగే అన్నారు. డాక్టరు గారు కాల్ ముగించబోతుంటే గుమ్మంలో నుంచున్న రాహేలమ్మ గారు లోపలికొచ్చారు. "ఒక్క నిమిషం ఉండండి సార్. పౌడరుతో పాటు ఇంకేదో వాసనొస్తోంది" అని, వంగి సీతారావమ్మ గారి చీర కుచ్చిళ్లు పైకెత్తారు. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. విప్పితే షుగరు పుండు, నల్లబడిపోయింది.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. "అంత పెద్దాయనకి కాళ్లు చూపిస్తామా నాయనా, తప్పు కదూ!" అన్నారు సీతారావమ్మ గారు, కళ్ల నీళ్లతో.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. వేలు పోయింది, కాలు దక్కింది. నాకు తల కొట్టేసినట్టయింది. రాహేలమ్మ గారు మాత్రం తిట్టలేదు. "ఆ కుర్చీ తీసెయ్ అబ్బాయ్. ఫోను పట్టుకుని మనమే మంచం దగ్గరికి పోదాం. కాళ్లు ముందు, ముఖం తర్వాత" అన్నారు. ఆనాటి నుంచి ఏ ఆశ్రమంలోనైనా నా పని అలాగే మొదలవుతుంది.

రిటైరయ్యాక ఆవిడ ఒంటరిగానే ఉంటున్నారు. మొన్న ఒంట్లో బాగోలేదని తెలిసి వీడియో కాల్ చేశాను. నున్నగా దువ్విన తల, ముఖం నిండా పౌడరు! "దేవుడి దయవల్ల బాగున్నానయ్యా. నువ్వు తిన్నావా?" అన్నారు.

"అమ్మా, ఫోను కాస్త కిందికి దించండి" అన్నాను.

"నీకు నేర్పి తప్పు చేశానురా" అంటూ దించారు. రెండు పాదాలూ బాగా వాచి ఉన్నాయి. "కదలకండి, వస్తున్నా" అని చెప్పులేసుకున్నాను.