యూసుఫ్ సాహెబు పత్రికకు రాసిన ఉత్తరం

ఏలూరు తివాచీల షెడ్డులో యూసుఫ్ సాహెబుది చేతి పని కాదు, గొంతు పని. నమూనా కాగితం ముందు పెట్టుకుని "రెండు ఎరుపు, ఒకటి నీలం" అని పైకి చదవాలి. మగ్గం ముందు కూర్చున్నవాళ్లు ఆ ముళ్లు వేసి "వేశామండీ" అని బదులు పలకాలి. బదులు వినబడితే గాని ఆయన తరవాతి వరస ఎత్తడు. ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి. ఆయన గొంతు వీధి చివరిదాకా వినబడేది. ఇంట్లో మాత్రం భార్యను ఒక్కనాడూ పేరు పెట్టి పిలిచి ఎరగడు. "వింటున్నావా" అనేవాడు. ఆమె "ఆఁ" అనేది. సంసారమంతా ఆ రెండు మాటల మీదే నడిచిపోయింది.

1936 వానాకాలంలో ఆమె కలిదిండిలో అక్కను చూసి పడవలో తిరిగొచ్చింది. రేవులో దిగుతుంటే పాచి పట్టిన మెట్టు మీద కాలు జారింది. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. తలకు రాయి తగిలి మూడో రోజున పోయింది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇక "వింటున్నావా" అన్నా వినే దిక్కు లేదు.

పోయినవారి కోసం నలభయ్యో రోజు చదివించే ఫాతిహా అయ్యాక, రేవు మెట్లకు ఇనప కమ్మీ వేయించమని ఊళ్లోని వారపత్రికకు ఉత్తరం రాశాడు. ఇంకొకరు అలా పోకూడదు, అంతే ఆయన పంతం. ఆ వారం రాలేదు, పై వారం రాలేదు. నెల చూసి, దాచుకున్న నకలు పట్టుకుని పక్కవీధి బడిపంతులు శేషగిరిరావు దగ్గరికి వెళ్లాడు.

"ఏవండీ సాహెబుగారూ, ఇందులో మీ పేరేదండీ?" అన్నాడు పంతులు.

"తివాచీ మీద నేసినవాడి పేరుంటుందాండీ? పని బాగుంటే చాలుననుకున్నాను."

"తివాచీకి అక్కర్లేదండి, ఉత్తరానికి ఉండాలి. లేకపోతే సంపాదకుడు బుట్టలో పారేస్తాడు. పైగా రెండు పేజీలు వానల గురించి, లోకం తీరు గురించి రాశారు. కమ్మీ సంగతి చివర ఒక్క ముక్క! అడిగేది ముందు అడగండి. ఏ రేవు, ఏ తేదీ, పోయినవారి పేరు, కింద మీ పేరు, వీధి. పది వాక్యాలు దాటకండి."

"ఆవిడ పేరాండీ?" ఆ పెద్ద గొంతు సన్నగిల్లిపోయింది. ఇంటి ఆడవారి పేరు పరాయివాళ్ల ముందు ఎత్తడమే తప్పు. అచ్చు వేయించడమా!

"'ఒక మనిషి పడెను' అని రాస్తే, ఎవరో పడ్డార్లే అనుకుంటారండి," అన్నాడు పంతులు మెల్లగా.

సాహెబుకు పంతులు మీద కోపం వచ్చింది, పత్రిక మీద కోపం వచ్చింది, చివరికి చెప్పకుండా పోయినందుకు భార్య మీదా వచ్చింది. మూడు రోజులు కాగితం ముట్టలేదు. నాలుగో రోజు రేవులో ఆయన కళ్లెదుటే ఒక నిండు చూలాలు అదే మెట్టు మీద తూలి, ఎవరిదో భుజం దొరకబుచ్చుకుని నిలదొక్కుకుంది. ఇంటికొచ్చి కలం తీశాడు. "పడవల రేవు మెట్లకు కమ్మీ వేయించవలెను. శ్రావణమాసము మొదటి ఆదివారమునాడు నా భార్య కమరున్నీసా..." అక్కడ సిరా ఆరిపోయేదాకా ఆగాడు. దొంగతనం చేసినవాడిలా గుమ్మం వైపు చూసి, మిగతాది పూర్తి చేశాడు.

ఆ వారమే అచ్చయింది. రెండు నెలలకు కమ్మీ వచ్చింది. పేరుతో సహా ఉత్తరం ఊరంతా చదివింది కాబట్టి, పడవ మనిషి ముత్యాలరావు రోజూ కేక పెట్టేవాడు: "కమరున్నీసమ్మ గారి కమ్మీ పట్టుకుని దిగండమ్మా, జాగ్రత్తండీ!"

మొదటిసారి విన్నప్పుడు సాహెబుకు ఒళ్లు మండింది. తరవాత తరవాత ఆ కేక వినడానికే రేవుకు వెళ్లి కూర్చునేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లంతా ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు. కట్టుకున్నవాడు మాత్రం పిలవలేదు. ఆ మాట ఆయన్ను పట్టి పీడించింది.

ఒక సాయంత్రం షెడ్డు నుంచి తిన్నగా ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నమూనా చదివే గొంతుతో "కమరున్నీసా" అని పిలిచాడు. ఆగాడు. అలవాటు మరి, బదులు వినబడితే గాని తరవాతి మాట ఎత్తలేడు.