వాకిట్లో కంప

కోసిగిలో బస్సు దిగి ఎండలో నడిచి మా ఇల్లు చేరేసరికి వాకిలికి అడ్డంగా ముళ్లకంప ఉంది. మేం బళ్లారిలో స్థిరపడి శానా ఏళ్లయింది. అమ్మ అప్పుడు పెట్టి వచ్చిందే అనుకున్నాను. తీసే ఓపిక లేక అరుగు మీద కూలబడ్డాను.

చిన్నప్పుడు వానలు లేక సుగ్గికి, అంటే పరాయి ఊళ్లకు కూలికి పోయే ముందు అమ్మ తలుపుకు కంప అడ్డం పెట్టేది. మా ఊళ్లో అందరూ అంతే.

ఒక ఏడు జమ్మలమడుగు వైపు పత్తి తీసి తిరిగొస్తుంటే టెంపో డ్రైవరు గండికోట దగ్గర ఆపాడు. కోట కింద పెన్న నీళ్లు చెరువులా నిండుగా నిలిచి ఉన్నాయి. పైన పాడుబడిన గోడలు, వాకిళ్ల నిండా ముళ్లకంప.

"మా, ఈళ్లు గూడా సుగ్గికి పోయినారా?"

చిట్లిన వేళ్లకు కొంగు చుట్టుకుంటూ అమ్మ "ఊఁ" అంది.

"ఇన్ని నీళ్లుండంగా ఎందుకు పోయినారు?"

"ఏమోప్పా. కాళ్లు లాగుతాండాయి, రోంతసేపు కూచోనీ."

వాళ్లు తిరిగొస్తే సులువుగా ఉంటుందని ఒక వాకిట్లో కంప పట్టుకుని లాగాను. రాలేదు. అరచేతుల్లో ముళ్లు దిగాయి. అమ్మ ఒక్కో ముల్లే తీస్తూ, "అది ఎవురూ పెట్టింది కాదు నాయనా, మొలిచిండేది" అంది. ఆ తేడా ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు.

కాసేపయ్యాక లేచి, మా వాకిట్లో కంపను రెండు చేతులా పట్టుకుని లాగాను.

రాలేదు.