నుదుటి మీది కెమెరా

"నిజం చెప్పండి సార్. దీనికి బొట్టు పెట్టారా?"

వెంకటనారాయణ తెల్లబోయాడు. తను తెచ్చింది లాప్‌టాప్. అడుగుతున్నది దేవకుమారి, చిలకలూరిపేటలో లాప్‌టాపులు బాగుచేసే మనిషి. ఆమె తల వెనక గోడకి బైబిల్ వాక్యం ఉన్న క్యాలెండరు వేలాడుతోంది.

"దసరాకి మా ఆవిడ పెట్టిందమ్మా. మూత మీద."

"మూత మీదైతే పర్లేదు. నుదుటి మీద పెట్టలేదుగా?"

"లాప్‌టాప్‌కి నుదురేంటమ్మా!"

దేవకుమారి తెర పై అంచున, సరిగ్గా నడిమధ్య ఉన్న కెమెరా దగ్గర చూపుడు వేలు ఆనించింది. "ఇదిగో. పెద్దవాళ్ళ లెక్కలో నుదురంటే ఇదే."

వెంకటనారాయణ ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. తుళ్లూరు నుంచి దర్శి దాకా ఎక్కడ పునాది తవ్వుతున్నా ఆ మూడు కిలోల వర్క్‌స్టేషన్ లాప్‌టాప్ మోసుకుని వెళ్ళాల్సిందే. పాత తెర మీద సన్నగీతలు అలుక్కుపోతున్నాయని పోయిన వారమే ఇక్కడ కొత్త తెర వేయించాడు. గీతలు తలవెంట్రుకల్లా విడివిడిగా తేలాయి. సంబరపడి ఇంటికెళ్ళి మేస్త్రీకి వీడియో కాల్ చేస్తే, కెమెరా లేదంది మెషీను.

దేవకుమారి ముందు కెమెరా మీద జరిపే చిన్న మూత చూసింది. తీసే ఉంది. సెట్టింగులు చూసింది. సరిగానే ఉన్నాయి. తర్వాత తెర చుట్టూ ఉన్న ఫ్రేముని గోటితో, దొండకాయ పాదు నుంచి ఆకు తుంచినంత నెమ్మదిగా ఊడదీసింది. కాసేపు వంగి చూసి, నిట్టూర్చింది.

"నా తప్పే సార్. తెరకీ కెమెరాకీ ఒకటే కేబుల్. కెమెరా కొస సగమే కూర్చుంది. తెర వెలిగింది కదా అని రెండోది చూసుకోలేదు." తలెత్తింది. "అరవరేంటి సార్?"

"అరిస్తే కనపడుతుందా?"

ఆ మాటకి ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఎదురు బల్ల వైపు చూసింది. ఆ బల్ల మీద ఏమీ లేదు. ఇంత ఇరుకు షాపులో, కేబుళ్ళు కింద పడి దొర్లుతున్న చోట, ఆ బల్ల మాత్రం శుభ్రంగా తుడిచి ఉంది.

"ఇదివరకైతే ఈ తప్పు ఈ గడప దాటేది కాదు సార్. ఖుర్షిదా ఉండేది."

వెంకటనారాయణ స్టూలు ముందుకి జరుపుకున్నాడు. అతనికి తొందరేం లేదు.

ఖుర్షిదా కరోనా ఏడు టైపింగ్ నేర్చుకుంటానని వచ్చింది. అప్పటికి దేవకుమారి పెళ్ళి కార్డులూ, చర్చి కరపత్రాలూ కంపోజ్ చేసుకుంటూ, పాడైన తన లాప్‌టాప్‌ని తనే విప్పి, తనే బిగించి ఈ పని పట్టుకుంది. కంపెనీలు వదిలించుకున్న బరువు లాప్‌టాపులు ఊళ్ళోకి దిగుతున్న రోజులు. టైపింగ్ పక్కకిపోయి ఇద్దరూ చెరో బల్ల మీద తెరలు మార్చడంలో పడ్డారు.

"కెమెరా బాగుచేశాక మాకో పద్ధతుండేది. ఖుర్షిదా ఫోను పట్టుకుని రోడ్డు అవతలికి, పత్తి కాటా దగ్గరికి పోయేది. నేను లాప్‌టాప్ లోంచి కాల్ చేసి, కనపడుతున్నానా అనేదాన్ని. అది ఊరికే ఆ అంటేగా! ‘దేవక్కా, ఈ కెమెరా పనికిరాదు, నిన్ను ఉన్నదానికన్నా అందంగా చూపిస్తోంది, వాళ్ళకి వాపసిచ్చెయ్’ అనేది. పత్తి బళ్ళోళ్ళంతా వినేట్టు. అది నవ్విందంటే కెమెరా పాసయినట్టు."

"మరేమైందమ్మా?"

"నా నోరైంది."

వీరబాబు అని, మిర్చి బస్తాల మీద బొమ్మలు డిజైన్ చేసే కుర్రాడు. అతని మెషీనుకి ఖుర్షిదా కొత్త తెర వేసింది. పది రోజుల్లో ఆ మెషీను తిరిగొచ్చింది. కెమెరాలో మొహం పొగలో ఉన్నట్టు మసక. విప్పి చూస్తే కెమెరా కన్ను మీద తెల్లటి పొర. ఖుర్షిదా జిగురు చేత్తో ముట్టుకుందనుకుంది దేవకుమారి. షాపులో నలుగురున్నారు. ఆ రోజు ఎండ, కరెంటు లేదు, ఇంకా ఏవో చికాకులు.

"ఏమన్నానో చెప్తే మీరు లేచి వెళ్ళిపోతారు." ఆమె గొంతు తగ్గింది. "‘తొడిమలు తీసిన చేతులు ఎక్కడికి పోతాయే’ అన్నాను. వాళ్ళమ్మ మిరపకాయలకి తొడిమలు తీసే కూలీ సార్. చిన్నప్పుడు ఇదీ కూర్చుని తీసింది. రాత్రుళ్ళు చేతులు మండి మజ్జిగలో పెట్టుకునేదంట. అది నాకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. మా అమ్మ కూడా తొడిమలే తీసింది. నా చేతులు మాత్రం ఎక్కణ్ణించి వచ్చాయని!"

ఖుర్షిదా తన బల్ల తుడిచి, స్క్రూలు డబ్బాలో సర్ది, వెళ్ళిపోయింది. ఇప్పుడు దర్శిలో సొంత షాపు.

"మరి బొట్టు సంగతేంటి?"

"మళ్ళీ ఏడు దసరా వెళ్ళాక వీరబాబు వాళ్ళమ్మ సుబ్బరావమ్మ గారే మెషీను పట్టుకొచ్చింది. ‘పోయినేడు లాగే మసకేసిందమ్మా, గంధం పెట్టి చేసిన పూజ పడటం లేదేమో దీనికి’ అంది. ‘ఎక్కడ పెట్టారమ్మా గంధం’ అన్నాను. ‘ఎక్కడ పెడతారే, నుదుటనే! ఎక్కువైందని తడిగుడ్డతో తుడిచాను కూడా’ అంది."

దేవకుమారి సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి అతని చేతిలో పెట్టింది. అందులో గోరంత కెమెరా ముక్క. ఖుర్షిదా మీద అరిచిన రోజు మార్చి, సొరుగులో పడేసిన పాతది. వెంకటనారాయణ దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. ఇన్నాళ్ళకీ గంధం పోలేదు.

"ఫోన్ చేసి చెప్పకపోయారా?"

"చేశాను. ఎత్తింది. ‘హలో, ఎవరండీ’ అంది. నా నంబరు తీసేసింది సార్. పెట్టేశాను. అప్పట్నించీ పరీక్షకి నా మొహమే నేను చూసుకుంటున్నాను. ఎవరికి చూపించను? పోయిన వారం మీదానికి అదీ మర్చిపోయాను."

మాట్లాడుతూనే కేబుల్ కొస నొక్కి కూర్చోబెట్టింది. ఫ్రేము బిగించి కెమెరా తెరిచింది. కొత్త తెర నిండా ఆమె మొహం. కళ్ళ కింద ముడతలు ఒక్కొక్కటీ విడివిడిగా. కొంగుతో కళ్ళు ఒత్తుకుని వెంటనే కెమెరా కట్టేసింది.

"రేపు దర్శిలో స్లాబు పని ఉందన్నారు కదా సార్?"

"పొద్దున్నే బయల్దేరతాను."

ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టి, జిప్పు లాగి, అతని చేతిలోని గంధం కవరు తీసుకుని సంచి పై జేబులో దోపింది. సంచి పట్టి మాత్రం వదల్లేదు.

"బస్టాండు ఎదురుసందులో దాని షాపు. ముందు ఈ కవరు చేతికివ్వండి. వాసన చూడమనండి. సుబ్బరావమ్మ గారి సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి, నన్ను మంచిదాన్ని చెయ్యొద్దు. వింటే, మీ మెషీను దాని ముందు తెరిచిపెట్టి నాకు కాల్ కలపండి. కనపడుతున్నానా అని నేనే అడుగుతాను." సంచి పట్టి వదిలింది. "కలిపాక మాత్రం మీరు బయటికెళ్ళి టీ తాగండి సార్. త్వరగా రావద్దు."