కొలంబో పెళ్ళికి తడవని బట్ట

మొన్న మా మేనకోడలి కూతురికి మారిషస్ నుంచి శుభలేఖ వచ్చింది. కాలేజీ స్నేహితురాలి పెళ్ళి. శుభలేఖతో పాటు నాలుగు పేజీల కాగితం, దాని నిండా వచ్చేవాళ్ళకు ప్రయాణ సూచనలు. దారిలో నీళ్ళు బాగా తాగాలట, పెళ్ళికూతురు కట్టే రంగు కట్టకూడదట, కానుక తేలికగా ఉండాలట, రెండు రోజుల ముందే చేరి అలసట తీర్చుకోవాలట. పిల్ల ఒక్కొక్కటే చదువుతుంటే నాకు కోపం ఒక్కొక్క మెట్టే ఎక్కింది. మూడో పేజీ మధ్యలో "చాల్లే, మడిచి పెట్టు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "నీకెందుకు తాతా కోపం? పోయేది నేను గదా" అంది పాపం. నిజమే. ఆ కోపం పిల్ల మీద కాదు, కాగితం మీదా కాదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల నాటి కోపం అది. ఇన్నేళ్ళూ ఎండబెట్టి దాచుకున్నాను. ఎండినకొద్దీ ఘాటు పెరిగింది.

అప్పుడు నేను కడపలో ఒక బడిపంతుల్ని. నాతో చదువుకున్న మిత్రుడొకడు, జమ్మలమడుగు వైపు నేతపని ఇంటివాడు, కొలంబోలో మేనమామ గుడ్డల కొట్టులో కుదురుకున్నాడు. ఆ మేనమామ కూతురితోనే పెళ్ళి నిశ్చయమైంది. మేనమామ మంచం పట్టి కదలలేని స్థితిలో ఉన్నాడు కాబట్టి పెళ్ళి అక్కడే జరగాలన్నారు. ఈ వైపు నుంచి వెళ్ళవలసినవాళ్ళం ఇద్దరమే: మిత్రుడి తల్లి, నేను. ఆమెను నేను పెద్దమ్మా అనేవాణ్ణి. భర్త పోయాక ఆయన కూర్చున్న గుంటమగ్గంలోకి తానే దిగి, కొడుకును చదివించిన మనిషి. పాస్‌పోర్టు కోసం ఇద్దరం ఒకేసారి దరఖాస్తు పెట్టుకున్నాం. నా పుట్టినతేదీ బడి రిజిస్టరులో ఉంది, హెడ్మాష్టరు సంతకం చేశాడు, కాబట్టి నేను పుట్టినట్టే లెక్క. పెద్దమ్మకు అటువంటి ఆధారమేదీ లేదు. "ఎప్పుడు పుట్టినావమ్మా?" అని అడిగాడు గుమాస్తా. "కరువొచ్చిన మర్సటేడు సామీ" అంది. "ఏ కరువు?" అన్నాడు. మా సీమలో అది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకుంటాను. ఆ తర్వాతి ప్రశ్నే నా ఒళ్ళు మండించింది. పెళ్ళికొడుకు నీ కొడుకేనని సాక్ష్యమేమిటని అడిగాడు. "నేను కన్నా గదా సామీ" అందామె. "అది నోటిమాట" అన్నాడాయన, కాగితంలోంచి తల ఎత్తకుండా.

నా దరఖాస్తు పాసయింది. ఆమెది ఫెయిలయింది అని కూడా అనలేను. ఫెయిలయితే కనీసం ఒక కబురు వచ్చేది. అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయింది. ఆ రోజుల్లో కర్నూల్లో ఆఫీసులు సగం గుడారాల్లో ఉండేవి, గాలివస్తే ఫైళ్ళ మీద రాళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆమె ఫైలు మీద రాయి పెట్టారో, బండే పెట్టారో, ముహూర్తం దగ్గరపడినా అది కదల్లేదు. పెళ్ళికొడుకు స్నేహితుడికి దొరికిన కాగితం అతని తల్లికి దొరకలేదు. ఇదీ అసలు అన్యాయం. దీనికి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఏ సూచనా అచ్చు వేయలేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. సముద్రం మొహం చూడనివాళ్ళంతా నాకు సముద్రయానం నేర్పారు. మా మేనమామ జీవితంలో చేసిన పెద్ద ప్రయాణం అహోబిలం. "ఎగువ అహోబిలం ఎక్కినోనికి ఓడెక్కేది ఒక లెక్కనా!" అని ధైర్యం చెప్పి, ఆ ధైర్యం చాలదన్నట్టు మా బావినీళ్ళు ఒక పెద్ద ఇత్తడిబిందెలో పోసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చాడు. "ఆ ద్యాశంలో నీళ్ళు తాగద్దురా. ఈటితోనే జరుపుకో." ఇచ్చిన ప్రతి సలహాకూ ఒక మూట జతయింది. సలహా వినకపోయినా నష్టం లేదు, మూట మొయ్యకపోతే బంధుత్వం పోతుంది. వాంతికి నిమ్మకాయలు, దిష్టికి ఎండుమిరపకాయలు, ఆకలికి కొర్రబియ్యం. ఈ మోతబరువుతో నేను పెళ్ళికి పోతున్నట్టు లేదు, కాపురానికి పోతున్నట్టుంది.

పెద్దమ్మ మాత్రం ఇచ్చింది ఒక్కటే మూట. తెల్లనూలు పంచె, తెల్లనూలు చీర, సన్నని పసుపు అంచు. ముహూర్తం బట్టలు. ఆ ఇంటి ఆచారం ప్రకారం అవి మగ్గం మీంచి కోసిన మడత కోసినట్టే పీటల మీదికి వెళ్ళాలి. మధ్యలో మడత విప్పకూడదు, నీటిచుక్క తగలకూడదు. గంజి వాసన పోకముందే కట్టుకోవాలి. "నేనెట్లా రాలేకపోతి నాయనా" అంది ఆమె. "ఇవన్నా పోనీ. తడి మటుకు తగలనీకు. తడిసినాదంటే ఇంగ అది నేను పంపిచ్చిన గుడ్డ గాదు, అంగట్లో గుడ్డే." తగలనివ్వనని మాట ఇచ్చాను. బిందెడు నీళ్ళు ఒక చేత, తడవకూడని బట్ట ఇంకో చేత పట్టుకుని రైలెక్కిన తెలివిగలవాణ్ణి నేను.

మద్రాసులో బండి మారి దక్షిణానికి పోతే, ఓడరేవుకు ముందు సముద్రపు ఒడ్డున ఒక శిబిరం. అంటురోగాలు దాటిపోకుండా ప్రయాణికుల్ని అక్కడ ఒక రోజు నిలిపేవాళ్ళు. మనుషులకు స్నానం, మూటలకు ఆవిరి. పెద్ద ఇనుప పెట్టెలోకి బట్టలన్నీ తోసి, ఆవిరి పట్టించి, తడితడిగా బయటికి లాగేవాళ్ళు. ఈ ఉపచారం మూడో తరగతివాళ్ళకే; మొదటి తరగతివాళ్ళ బట్టల్లోకి పురుగులు టిక్కెట్టు చూసి రావు కాబోలు. పెళ్ళిబట్ట, కొత్తది, ఇంకా ఎవరూ కట్టలేదని అక్కడి అధికారికి నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి చెప్పాను. కొత్తదైతే ఆవిరికి భయమెందుకు, రంగు పోదు కదా అన్నాడు. ఇంతమంది నాకు ఇన్ని చెప్పారే, ఈ ఆవిరిపెట్టె సంగతి ఒక్కడైనా చెప్పాడా! బిందెలో నీళ్ళు మోయించినవాళ్ళు ఈ నీటిగండం గురించి ఒక్కమాట అనలేదే అని, నా వంతు వచ్చేదాకా ఊళ్ళో వాళ్ళందరినీ వరసగా తిట్టుకుంటూ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పక్కన కర్నూలు ముసలి సాయిబు ఒకాయన. కొలంబోకు ఎండుమిరపకాయలు తీసుకుపోయే వ్యాపారి. ఆయన పెట్టె మూత తీస్తే పది మంది తుమ్మేవాళ్ళు. నన్ను చూసి, "ఏమయ్వారూ, పెండ్లికి పోతాండారా, దినాలకు పోతాండారా? ఏమా మొగం?" అన్నాడు. తెలుగు మాట చెవిన పడేసరికి ఉన్నదంతా చెప్పేశాను.

"ఒక్క సుక్క గూడా తగలగూడదా?"

"ఒక్క చుక్క కూడా."

ఆయన తన పెట్టె అడుగునుంచి ఆకుపచ్చ గుడ్డ చుట్టిన చిన్న మూట తీశాడు. "ఇది నా కఫన్. పోయినాక నాకు సుట్టే గుడ్డ. హజ్జుకు పోయినప్పుడు జమ్‌జమ్ నీళ్ళలో ముంచి తెచ్చుకున్యా. యాడ సస్తామో మనకేం తెల్సు, అందుకే యాడికి పోయినా ఎంట ఉంటాది. దీన్ని మటుకు ఈళ్ళు ముట్టుకోరు. శానా తూర్లు సూసినారు." అంటూ ఆకుపచ్చ గుడ్డ విప్పి, లోపలి తెల్లగుడ్డను తన మామూలు బట్టల్లో కలిపేసి, ఖాళీ అయిన ఆకుపచ్చ గుడ్డను నా వైపు జరిపాడు. "మీది ఇందులో పెట్టండి. నాది ఆవిరికి పోతాది."

నాకు రెండు భయాలు ఒకేసారి కలిగాయి. ఆయన పవిత్రంగా దాచుకున్నది నా కోసం ఆ ఇనుపపెట్టె పాలవుతుందని ఒకటి. పెళ్ళిబట్టను శవంబట్ట చోట పెట్టడమేమిటని రెండోది. నిజం చెప్పాలంటే ముందు తట్టింది రెండోదే. అది నా మొహంలో ఆయనకు కనబడినట్టుంది.

"ఏమప్పా, జంకుతాండారా? నేనింగా సావలేదు" అని నవ్వాడు. "ఎవురూ కట్టుకోని గుడ్డే అదీ, ఇదీ."

"అది కాదు సాయిబూ, మీది మక్కా నుంచి తెచ్చుకున్నది..."

"నాది ముందే తడిసిన గుడ్డ అయ్వారూ. ఇంగోతూరి తడిస్తే ఏం పోతాది? తడవగూడంది మీదే గదా. ఊఁ, పెట్టండి, వాడొస్తాండాడు."

పెట్టాను. శిబిరం మనిషి వచ్చి నా బిందెతో సహా అన్నీ తీసుకుపోయాడు. ఆకుపచ్చ మూట దగ్గర ఆగాడు. సాయిబును గుర్తుపట్టి, దాని మీద చెయ్యి కూడా వెయ్యకుండా దండంలాంటిది పెట్టి ముందుకు పోయాడు. ఒక అబద్ధం కూడా ఆడకుండా పని జరిగిపోయింది.

సాయంత్రం బట్టలు తిరిగొచ్చాయి. సాయిబు కఫన్‌కు ఒక మూల అరచెయ్యంత తుప్పుమరక. నేను తల ఎత్తలేకపోయాను. ఆయన ఆ మరకను బొటనవేలితో రుద్దిచూసి, "ఖుదా మరకలు సూసేది గుడ్డ మీద గాదులే" అన్నాడు. మర్నాడు ఓడలో ఆ గుడ్డను కమ్మీకి కట్టి ఆరబెట్టాడు. అది గాలికి రెపరెపలాడుతుంటే దాని పక్కన నిలబడి బెల్లం ముక్క నములుతూ మిరపకాయల ధరలు చెప్పాడు నాకు. అవతలి ఒడ్డున జనం తోసుకున్నారు. ఆయన తన ఆకుపచ్చ గుడ్డ విప్పి తీసుకుని, నా మూట నా చేతిలో పెట్టి, "పిల్లలకు నా దువా చెప్పండి" అని తన బస్తాల వైపు పరుగెత్తాడు. నేను నా బిందె వైపు పరుగెత్తాను.

కొలంబోలో బట్టలు అందించగానే మిత్రుడు మడత ముక్కుకు ఆనించుకుని గంజివాసన పీల్చాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు తల్లి కోసమే అనుకున్నాను, సగమే నిజం. మిగతా సగం ముహూర్తానికి తెలిసింది. నీటిచుక్క తగలని బట్టకు సాయిబు ఆకుపచ్చ గుడ్డలోని మిరపకారం మాత్రం దండిగా పట్టింది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి పెళ్ళికూతురు తుమ్మింది, పెళ్ళికొడుకు తుమ్మాడు, మంత్రం మధ్యలో పురోహితుడూ తుమ్మాడు. ఒంటితుమ్ముకు ఏం చేయాలో పెద్దలకు తెలుసు గాని, ఇన్ని తుమ్ములకు శాస్త్రం లేదు. అందరూ నవ్వడం మొదలుపెట్టారు. మంచంమీది మేనమామ కూడా నవ్వాడు.

తిరిగొచ్చి నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. మగ్గం గుంటలోనే ఉంది. నన్ను కూర్చోమని కూడా అనలేదు. "తడి తగల్లేదు గదా?" అంది. తగల్లేదన్నాను. అక్కడితో ఆపి ఉండవచ్చు. కఫన్ మాట చెబితే ఏమనుకుంటుందోనని దారంతా భయపడ్డాను గాని, ఆ మొహం చూశాక దాచలేక, ఆకుపచ్చ గుడ్డతో సహా అంతా చెప్పాను. ఆమె చేతిలోని నూలుకండె పక్కన పెట్టింది.

"ఆయప్ప గుడ్డకు మరక పడిందా?"

"పడింది పెద్దమ్మా."

"ఎన్ని మూరలుండాది? అంచుండల్లనా?"

"అంచు ఉండకూడదు. కానీ అది మక్కా నీళ్ళలో..."

"నీళ్ళు ఆయప్ప పోసుకుంటాడు. గుడ్డ నేను నేస్తా. పేరేంది ఆయప్పది?"

నాకు తెలియదు. పెద్దమ్మ మొదటిసారి నా మీద కోపగించుకుంది. కాగితం రానప్పుడు కూడా ఆమెకు అంత కోపం రాలేదు. "అంత సదువు సదివి ఏం లాభం నాయనా! సచ్చేటప్పుటి గుడ్డ ఇచ్చినోని పేరడగల్లని తెలీలేదా నీకు?" గుమాస్తా మీద, ఆవిరిపెట్టె మీద, మొదటి తరగతి మీద అంతవరకూ నేను పోగుచేసుకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో నా మీదికే తిరిగింది.

ఆమె నేసి ఇచ్చిన అంచులేని తెల్లగుడ్డ చంకన పెట్టుకుని రెండుసార్లు కర్నూలు వెళ్ళాను. మిరపకాయల మండీల్లో, మసీదుల మెట్ల మీద, ఆఫీసుగుడారాల మధ్య అడుగుతూ తిరిగాను. కొలంబోకు పోయే ముసలి సాయిబులు ముగ్గురు దొరికారు, ఆయన దొరకలేదు. రెండోసారి కూడా గుడ్డ వెనక్కి తెచ్చి ఇస్తే పెద్దమ్మ కోపగించుకోలేదు. దాన్ని మడత చెడకుండా దూలం మీది బుట్టలో పెట్టింది. "ఉండనీలే. ఆయప్పకు దీంతో ఇప్పుడే పని పడకుంటే మంచిదే గదా" అంది.

పేరు అడగడానికి ఆ ఒడ్డున ఒక్క నిమిషం చాలేది. ఏళ్ళు గడిచినకొద్దీ అన్నీ దూరమవుతాయంటారు గాని, ఆ నిమిషం ఉన్నచోటనే ఉంది; దాన్ని దాటుకుని ఇంత దూరం నడిచొచ్చింది నేనే.