కునుకు మీద ఉపన్యాసం

ఈ రోజు హనుమాన్ జంక్షన్‌లోని మా ధాన్యం గోడౌనుకి బెజవాడ నుంచి ఒక ప్రకృతి వైద్యుడు అంబాసిడర్ కారులో వచ్చాడు. మా ఓనరుగారి స్నేహితుడు. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు అలసట ఎలా తీర్చుకోవాలో మా హమాలీలకి చెప్తాడట.

వచ్చింది సరిగ్గా ఒంటిగంటన్నరకి. పొద్దున్నుంచీ లారీలకి బస్తాలెత్తిన పదిమందీ గంజి తాగి, కాళ్ళు బస్తాల మీద పెట్టుకుని వరండాలో నిద్రపోతున్నారు. గుమాస్తాని కాబట్టి లేపే పని నా మీద పడింది. ఒక్కొక్కరినీ తట్టి లేపాను.

ఆయన ముప్పావుగంట ఉపన్యాసం దంచాడు. ఉప్పేసిన గంజి తాగాలట. కాళ్ళు ఎత్తులో పెట్టుకోవాలట.

"మధ్యాహ్నం అరగంట కునుకు తీస్తే ఏ టానిక్కూ అక్కర్లేదయ్యా. రేపట్నుంచి అలవాటు చేసుకోండి," అన్నాడు.

మేస్త్రీ ఏసోబు చేతులు కట్టుకునే చెప్పాడు. "ఇందాక అదే చేస్తన్నామండి. తమరొచ్చారని లేపారు."

ఆయన మురిసిపోయి, "చూశారా, ఎంత త్వరగా పట్టేశారో," అన్నాడు ఓనరుగారితో.

ఆ తర్వాత హమాలీలు నిద్రకళ్ళతోనే మళ్ళీ బస్తాల కిందికి వెళ్ళారు. ఆ మహానుభావుడు ఓనరుగారి గదిలో సుష్టుగా భోంచేసి, ఫ్యాను కింద నడుం వాల్చాడు. నాలుగైనా లేవలేదు. ఎవరూ చప్పుడు చేయకుండా చూడమని నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. బస్తా మోసుకుపోతున్న ఏసోబుకి, కాస్త మెల్లగా నడవమని చెప్పింది కూడా నేనే.

మీరైతే ఆ తలుపు కొట్టేవారా?