తీగ పక్కన దారం

గుడివాడలో నేను అద్దెకుంటున్న గది వెనక ధాన్యం మిల్లు ఉంది. మధ్యాహ్నం మిల్లు నడుస్తున్నంత సేపూ ఊక గొట్టంలోంచి జారి కుప్ప మీద పడుతూ ఒకటే చప్పుడు. సన్నగా, తెంపు లేకుండా, ఎవరో దూరాన మాట మొదలుపెట్టబోయి ఆగిపోయినట్టు. "కొన్నాళ్ళకి అలవాటైపోతుందిలే అమ్మా," అంది ఇంటావిడ, నేను చేరిన కొత్తలో. నాకు కొత్తగా అలవాటు కానక్కరలేదు. ఆదివారం మధ్యాహ్నం డైరీ ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆ చప్పుడు మధ్యలో ఎక్కడైనా మనిషి గొంతు వినబడుతుందేమోనని పెన్ను పట్టుకున్న చెయ్యి తనంతట తనే నిలిచిపోతుంది. అలా నిలిచి వినడం నాకు కామేశ్వరి గారు నేర్పారు.

చిలకలపూడిలో మా ఇంటికి మూడో ఇల్లు ఆవిడది. బందరు తంతి ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ ఉండేది కాదు. ఓడల్లో ఉద్యోగం చేసిన ఆవిడ తమ్ముడు ఎక్కడి నుంచో ఒక స్కానరు తెచ్చి ఇచ్చాడు. మామూలు రేడియోలా అది ఒక స్టేషను పట్టుకుని కూర్చోదు. ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారా అని వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటుంది, మాట దొరికిన చోట ఆగుతుంది. వినడానికే తప్ప తిరిగి మాట్లాడడానికి పనికిరాదు. మర పడవల వాళ్ళు సముద్రం మీద ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలు అందులో వినబడేవి. రోజూ మూడింటికి ఆవిడ దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని, రిక్షా ఎక్కి గిలకలదిండి రేవుకి వెళ్ళేవారు. అక్కడ పడవల కోసం కాచుకున్న ఆడవాళ్ళ మధ్య బోర్లించిన గంప మీద కూర్చుని, విన్నది నోటుబుక్కులో రాసి, చదివి వినిపించేవారు. ఎవరూ అడగలేదు, ఎవరూ నియమించలేదు. ఉద్యోగం అయిపోయినా ఆవిడ మాత్రం అందించడం మానలేదు.

నేను ఆవిడ ఇంటికి వెళ్ళింది పుస్తకాల కోసం. అప్పుడు ఇంటరు చదువుతున్నాను. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు నేను పలికిన మాట లెక్చరరు గారికి వినబడక, వెళ్ళిన రోజు కూడా రానట్టే రాసుకునేవారు. బీరువా ముందు నిలబడి నేను ఏదో అడిగితే కామేశ్వరి గారు కళ్ళజోడు మీంచి చూశారు. "పద్మా, నువ్వు ఇంత చిన్నగా మాట్లాడితే నా చెవులకి వయసొచ్చిందనుకుంటాను. కొంచెం గట్టిగా మాట్లాడి నన్ను కాపాడు." ఆ రోజు నవ్వాను. ఆ మాటలో కొంత నిజం ఉందని తర్వాత తెలిసింది.

ఆవిడ నోటుబుక్కు చూడడం నాకు కథల పుస్తకం చదవడం కన్నా ఇష్టంగా ఉండేది. వంజరం చేప పడిందట, వల చిరిగిందట, మంచినీళ్ళు అయిపోయాయట. వాక్యాల మధ్య చాలా చోట్ల ఖాళీలు. ఒకసారి, 'ఇంజను' అని రాసి, కొంత జాగా వదిలి, 'సాయంత్రానికి వచ్చేస్తాం' అని ఉంది.

"ఇక్కడ 'బాగుంది' అని అయ్యుంటుంది కదండీ," అన్నాను.

"అయ్యుంటుంది. అయ్యుంటుందని ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండీ."

"మరి నువ్వెందుకు అందిస్తావు?"

తర్వాత ఆవిడే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మధ్యలో తెగిపోయి వచ్చిన తంతిలో ఒక మాట సొంతంగా పూరించారట. 'కులాసా' అని. ఆ తంతి అందుకున్నవాళ్ళు, తొందరేముందిలే అని రెండు రోజులు ఆలస్యంగా బయల్దేరారు. వాళ్ళు వెళ్ళేసరికి ఏమైందో ఆవిడ చెప్పలేదు. అక్కడా ఒక ఖాళీ వదిలారు.

ఆ ఏడు వానల్లో రిక్షా చక్రం గోతిలో పడి సంచి జారిపోయింది. సెట్టుకి ఏమీ కాలేదు కానీ, దాని నెత్తిన జానెడు పొడవున ఉండే రబ్బరు ఏంటెన్నా మొదలు దగ్గర విరిగిపోయింది. మద్రాసులో ఒక షాపుకి ఉత్తరం రాశాం. మూడు వారాలకి జవాబొచ్చింది: ఆ రకం తయారు చెయ్యడం ఎప్పుడో ఆపేశారు, మా దగ్గర వేరే ఏదీ దానికి సరిపోదు. పాత ట్రాన్సిస్టరు ఏంటెన్నా పుల్ల పీకి బిగించాం, పాటలు బాగా వచ్చాయి, పడవలు రాలేదు. ఆ పడవల మాటలు అందాలంటే నిటారుగా తొమ్మిది అడుగుల తీగ నిలబెట్టాలన్నారు కామేశ్వరి గారు. అంత తీగ డాబా మీద కడితే రెండో రోజే గాలికి ఒరిగిపోయింది. అయినా తొమ్మిది అడుగుల తీగ పట్టుకుని రిక్షాలో రేవుకి ఎలా వెళ్తాం? రోజూ మూడింటికి ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని, వెళ్ళలేని దారి కేసి చూస్తుండేవారు. అవతల తుఫాన్ల కాలం దగ్గర పడుతోంది.

ఒక సాయంత్రం ఆవిడ బ్లేడుతో విరిగిన రబ్బరుని నిలువునా కోశారు. లోపల సన్నటి పుల్ల మీద రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంది. తొమ్మిది అడుగుల పనిని జానెడులో దాచిన తీగ.

"ఇది మా ఇంట్లో రోజూ చుట్టేదేనండీ," అన్నాను. ఆవిడ తలెత్తారు. మా నాన్న రోల్డుగోల్డు గొలుసులు చేస్తాడు. ఇనుప ఊచ మీద తీగ చుట్టి, నిలువునా కోస్తే రింగులొస్తాయి. వాటిని కలిపితే గొలుసు. పదేళ్ళ వయసు నుంచీ చుట్టడం నా వంతు.

ఊచ బదులు మైనంలో ముంచిన వెదురు పుల్ల తీసుకున్నాను. అరుగు మీద కూర్చుని ఒక్క పూటలో చుట్టేశాను. నాన్న వెలుతురుకి ఎత్తి చూశాడు. "వెంట్రుక దూరదు చూడు," అని మురిసిపోయి, పాత ఏంటెన్నా ఇత్తడి మొదలుకి తనే అతికించి, అడక్కుండానే మెరుగు కూడా పెట్టాడు. సెట్టుకి బిగిస్తే ఊక జారుతున్నట్టు గరగర తప్ప ఏమీ లేదు.

కామేశ్వరి గారు దాన్ని భూతద్దం కింద తిప్పి చూశారు. "చాలా అందంగా ఉంది పద్మా. అందుకే పనిచెయ్యడం లేదు. చుట్టుకి చుట్టు తగిలితే ఇక అది తీగ కాదే, గొట్టం. మాట తీగ పొడుగునా నడవాలి. నువ్వు దానికి అడ్డదారి ఇచ్చావు."

"ఎడం ఎడంగా చుట్టాలా?" అన్నాడు నాన్న. "ఆ చుట్టుడు చూస్తే మా అయ్య నా చెయ్యి విరగ్గొట్టేవాడు." నాలుగుసార్లు చుట్టాను. ఎడం సమంగా రాదు. ఒకచోట వేలు దూరుతుంది, ఇంకోచోట తగులుతుంది. దగ్గరగా చుట్టడం నేర్చిన చేతికి దూరం తెలియడం లేదు. చివరికి నాన్నే విసుక్కుంటూ లేచి, పూసలు గుచ్చే దారపుండ నా ఒళ్ళో పడేశాడు. "తీగ పక్కనే దీన్నీ పెట్టి, రెండూ కలిపి చుట్టు. లక్క పూసి ఆరనిచ్చాక దారం లాగెయ్యి. ఎడం మిగిలిపోద్ది. నగ కానిదానికి నా చేత ఆలోచన చేయిస్తున్నారు మీ ఇద్దరూ."

దారం మెల్లగా లాగాను. తీగ కదల్లేదు. దారం ఉన్న చోటల్లా సన్నటి వెలుతురు నిలిచింది.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద కూర్చుని, తీగ పొడవు సరిగ్గా కుదిరి మాట పలికేదాకా చివర నుంచి ఒక్కో చుట్టే కత్తిరిస్తూ వచ్చాం. "ఇంకొకటి," అనేవారు ఆవిడ, కళ్ళు మూసుకుని. "ఇంకొకటి." దూరంగా, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు ఒక గొంతు వినబడింది నాకు. ఆవిడ, "ఇంకొకటి," అన్నారు. కత్తిరించకుండా ఊరుకున్నాను. గొంతు మరికాస్త దగ్గరయ్యాకే ఆవిడ కళ్ళు తెరిచి, "ఆగు, వచ్చారు," అన్నారు. అంతకు ముందే నాకు వినబడిందని చెప్పలేదు.

కార్తీకంలో ఒకరోజు నేనూ ఆవిడతో వెళ్ళినప్పుడు రేవులో హెచ్చరిక జెండా ఎగిరింది. పడవలన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. కాచుకున్న ఆడవాళ్ళలో నాంచారమ్మ అనే ఆవిడ మొగుడి పడవ అది. నాంచారమ్మ మా గంప పక్కనే నేల మీద కూర్చుంది. ఆకాశం బూడిద రంగు, సముద్రం అదే రంగు. రెండూ ఎక్కడ కలిశాయో తెలియడం లేదు. సెట్టు కామేశ్వరి గారి ఒళ్ళో ఊక రాలుస్తోంది. అంతలో దాని మధ్య నుంచి ఒక గొంతు లేచింది. ఆవిడ చేతిలో పెన్సిలు కదల్లేదు. నా ముఖం చూసి విషయం గ్రహించి, పెన్సిలూ నోటుబుక్కూ నా చేతిలో పెట్టారు. రాశాను. గొంతు మునిగిపోయింది.

"చదువు," అన్నారు ఆవిడ.

ముప్పైమంది ఆడవాళ్ళు నా కేసి తిరిగారు. "పడవ పేరు చెప్పారు, సత్యవతి అని. ఇంజను చచ్చింది. గాలి తోసేస్తంది. పాలకాయతిప్ప పాయలోకి..." అని ఆగాను.

"పాయలోకి?" అంది నాంచారమ్మ. "పాయలోకి చేరారా పాపా? బాగున్నారా?"

ఉన్నారు అనే మాట నాలిక చివరదాకా వచ్చింది. కామేశ్వరి గారు సముద్రం కేసి చూస్తున్నారు, నాకు సాయం రాలేదు.

"ఆ మాట వినబడలేదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పాయలోకి అన్నంతవరకే వినబడింది. తర్వాత లేదు."

నాంచారమ్మ ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత లేచి కొంగు బిగించి, మరిది కేసి తిరిగింది. "ఇన్నావుగా. చేరారని చెప్పలేదు. కోడూరు కొట్టుకి ఫోను చెయ్యి, మీ బాబాయోళ్ళని తాళ్ళు తీసుకుని పాయ దగ్గరికి పొమ్మను." కోడూరు నుంచి ఆ బాబాయి వాళ్ళు చీకటి పడేలోపే వెళ్ళారు. పాయ సముద్రంలో కలిసే మొగలో, బురదలో ఒరిగిన పడవలో అప్పటికే నడుము లోతు నీళ్ళు. అయిదుగురినీ తాళ్ళేసి లాగారు. ఇంకో గంటైతే గాలి ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదట.

మూడో రోజు నాంచారమ్మ మా వీధిలోకి వచ్చింది. "ఇంత గొంతు ఎక్కడ దాచావే పాపా ఇన్నాళ్ళూ," అని బుగ్గ గిల్లి వెళ్ళింది.

ఆ సాయంత్రం కామేశ్వరి గారు అడిగారు, "నా చెవుల సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"చుట్లు కత్తిరించిన రోజేనండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు పంపలేదు కదండీ."

ఆవిడ అంత హాయిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మర్నాటి నుంచి రేవులో పెన్సిలు నాది. ఆవిడ పోయేదాకా మూడేళ్ళు, పక్కపక్కనే రెండు గంపల మీద కూర్చున్నాం.

సెట్టు రేవు వాళ్ళకే ఇచ్చేశాను. నాలుగుసార్లు చుట్టి పారేసిన వాటిలో ఒకటి మాత్రం, వంకర ఎడాలతో, నా పెన్నుల గ్లాసులో ఉంది. ఆ నోటుబుక్కు కూడా నా దగ్గరే ఉంది. కార్తీకంలో రాసిన ఆ పుటలో 'పాయలోకి' తర్వాత జాగా అలాగే వదిలి ఉంది. అక్కడ ఏ మాట ఉండాలో ఇప్పుడు నాకు తెలుసు. అయిదుగురి పేర్లూ తెలుసు. చాలాసార్లు పెన్ను తెరిచి, మళ్ళీ మూసేశాను. మిల్లు ఆగినట్టుంది, ఊక చప్పుడు లేదు. కాసేపు ఇలాగే వింటూ కూర్చుంటాను.