కోమలి సగంలో ఆపిన పని

చిత్తూరు దాటగానే బస్సు టైరు పంక్చరైంది. అందరూ దిగి చింతచెట్ల నీడకు చేరారు. నా పక్క సీటాయన మాత్రం కదల్లేదు. చేతిలో మడిచిన కాగితం.

"దిగప్పా, గాలైనా తగుల్తుంది."

"ఆలస్యమైతే మంచిదే పెద్దాయనా."

ఆలస్యం కోరుకునేవాళ్లు అరుదు. గూడూరు స్టేషన్లో ఒకామె మూడు బండ్లు కళ్లముందే పోనివ్వడం చూశాను. ఎందుకో అడగలేదు. ఆ వెలితి ఇప్పటికీ ఉంది. అందుకే నేనూ దిగకుండా పక్కనే కూర్చుని ఈయన్ని అడిగాను.

పేరు ఏబెల్. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూస్తాడు. పెద్ద కంప్యూటరు ఫ్యాక్టరీలో ఉంది. చిత్తూరు ఆఫీసువాళ్లు అక్కడ కూర్చునే తమ తెరల మీద దాన్ని వాడతారు.

"కరెంటు పోతే రాసిందంతా పోతాదని ఆఫీసోళ్లు ఒకటే గోల. నేనే సెట్టింగు పెట్టినా. ఆడ లైను తెగినా, వాళ్ల పని ఈడ అట్నే ఉండాల, ఎన్ని రోజులైనా."

ఆ ఆఫీసువాళ్లలో ఒకరు అతని భార్య కోమలి. పోయిన ఆయుధపూజ నాడు ఏదో టైపు చేస్తోంది. మేనేజరు వరదయ్య వచ్చి కీబోర్డుకు కుంకుమ పెట్టేశాడు. పూజయ్యాక పనిముట్టు ముట్టకూడదు.

"మేము చర్చికి పోయేటోళ్లం. అయినా నలుగురి మర్యాద కదా, ఆపేసింది. కీబోర్డు ముట్టకుండా ఆడి తెరకొచ్చే లైను వైరు మాత్రం పీకి నాకు ఫోన్ చేసింది. 'సగమే అయింది, ఎల్లుండి పూర్తి చేస్తా, నువ్వు మూసెయ్యొద్దు సామీ' అనింది."

ఆ సాయంత్రమే ఇంటికొస్తూ లారీ కింద పడింది.

"ఆర్నెల్లయింది. పొద్దున్నే మూయని పనుల లిస్టు తెరుస్తానా, కోమలి పేరు ఉంటాది. లైను లేదు, పని ఉండాది. పక్కన ఆ పని ఆగిపోయి ఎన్ని గంటలైందో, ఆ లెక్క పెరగతా ఉంటాది. సచ్చిపోయినామెకు గంటలు పెరిగేదేంది పెద్దాయనా?"

చేతిలోది వరదయ్య ఉత్తరువు. మామిడి సీజన్ ముందు పెద్ద కంప్యూటరు నెమ్మదించింది. లైను తెగిన పనులేవీ ఒక్కరోజుకు మించి ఉండకూడదు. ఏబెల్ తను పెట్టిన సెట్టింగు ఈరోజే మార్చాలి. మారిస్తే కోమలి తెర దానంతటదే మూసుకుపోతుంది.

"ఆమె రాసింది చూశావా?"

"లేదు. సూసినానంటే అయిపోతాది."

సలహాలివ్వడం మానేసి చాలా ఏళ్లయింది. ఊరికే అడిగాను: "ఎల్లుండి అంది కదా. ఆ ఎల్లుండి ఎప్పుడప్పా?"

టైరు మార్చారు, బస్సు కదిలింది. తోటలు మొదలయ్యాక, కిటికీ వైపు చూస్తూనే అన్నాడు:

"ఆమె తెరిచిపెట్టిన పనిలోకి ఫ్యాక్టరీ నుంచి నేనే పోతా. ఆ పని నా తెరకు కలిసినప్పుడు, చిత్తూరు ప్రింటరు కాకుండా నా పక్కన ఉండే ప్రింటరే పట్టుకునేట్టు ముందుగా సెట్టింగు పెడతా. మిగిలిన సగం కొట్టి, కాగితం తీసుకొని, ఆమె పేరుతోనే పని మూసి బయటికొస్తా. ఆ తర్వాతే ఈ ఉత్తరువు."

"ఏం రాసుంటుంది?"

"తోటలోళ్ల లిస్టో ఏందో. ఏదైతేనేం."

బంగారుపాళ్యంలో బస్సు ఆగకముందే లేచాడు. నేను కాళ్లు ముడుచుకుని దారిచ్చాను. ఇందాక దిగమంటే దిగని మనిషి, ఫ్యాక్టరీ గేటు వైపు గబగబా నడిచాడు. వస్తానని కూడా అనలేదు.